చర్చ: 42 రోజులు, 30 ప్రాక్టీసులు. కాలేజీ బాస్కెట్‌బాల్ ప్రీసీజన్ నియమం ఎవరి మేలు కోసం?

హాఫ్‌కోర్ట్:
నిన్న వేరే చర్చలో ఈ గొడవ పక్కదారి పట్టింది కాబట్టి ఇక్కడ విడిగా పెడుతున్నా. తెలియనివాళ్ల కోసం ముందు విషయం చెప్తాను. అమెరికాలో కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. దాని పై స్థాయి అయిన డివిజన్ 1లో పురుషుల బాస్కెట్‌బాల్ ప్రాక్టీసు ఒకప్పుడు అక్టోబర్ 15 చుట్టూ మొదలయ్యేది. 2013లో ఆ పద్ధతి తీసేశారు. ఇప్పుడు మొదటి మ్యాచ్‌కి 42 రోజుల ముందే మొదలుపెట్టొచ్చు, కానీ ఆ 42 రోజుల్లో 30 ప్రాక్టీసులకు మించకూడదు. వారానికి 20 గంటలు, రోజుకి 4 గంటలు, వారంలో ఒక రోజు సెలవు అన్న పాత హద్దులు అలాగే ఉన్నాయి.

నాకైతే ఇది మంచి మార్పే. పద్దెనిమిదేళ్ల కుర్రాడికి పాత పద్ధతిలోలా మూడున్నర వారాల్లో కొత్త ఆట మొత్తం నూరిపోయాలంటే కోచ్ ఏం చేస్తాడు? దొరికిన ప్రతిరోజూ రుద్దుతాడు. ఇప్పుడు 12 రోజులు ఖాళీ ఖాయం. పరీక్ష ఉన్నరోజు వదిలేయొచ్చు, మోకాలు వాస్తే ఆపొచ్చు. యూసీఎల్‌ఏ కాలేజీలో పేరున్న కోచ్ జాన్ వుడెన్ మొదటి రోజు సాక్సులు ముడత లేకుండా వేసుకోవడం నేర్పేవాడు. బొబ్బలు రాకుండా. అంత నిదానంగా నేర్పాలంటే రోజులు కావాలి కదా. ఇందులో వ్యతిరేకించడానికి ఏముంది?

అక్టోబర్ 15:
నా పేరు చూస్తేనే నేను ఏ పక్షమో తెలిసిపోతుంది. 1971లో మేరీలాండ్ కోచ్ లెఫ్టీ డ్రిసెల్ అర్ధరాత్రి దాటిన మూడు నిమిషాలకి ఆటగాళ్లని స్టేడియం ట్రాక్ మీద పరిగెత్తించాడు. నియమం 15 అంది, 15 వచ్చింది, ఇంక ఆగడమెందుకు అని! మొదటి ప్రాక్టీసుని అర్ధరాత్రి పండగలా చేసే 'మిడ్‌నైట్ మ్యాడ్‌నెస్' అక్కణ్ణుంచే పుట్టింది. ఇప్పుడు సెప్టెంబర్‌లోనే ప్రాక్టీసు మొదలెట్టి, మూడు వారాలు పోయాక లైట్లు ఆర్పి పొగ వదిలి 'మ్యాడ్‌నెస్' అంటారు. పెళ్లయిన మూడు వారాలకి నిశ్చితార్థం చేసినట్టుంటుంది.

సరే, ముచ్చట పక్కన పెడతా. అందరికీ ఒకే తేదీ ఉంటే ముందు మొదలెట్టినవాడు వెంటనే దొరికిపోతాడు. 42లో 30 అంటే ఎవరు లెక్కపెడతారండీ?

లెక్కల మాస్టారు:
హాఫ్‌కోర్ట్ గారూ, ఆ 12 రోజుల ఖాళీ మాట వినడానికి బాగుంది. కాగితం మీద పెట్టి చూద్దాం. 2013లో మొదటి మ్యాచ్‌లు నవంబర్ 8న, కాబట్టి ప్రాక్టీసు సెప్టెంబర్ 27న మొదలైంది. అంటే అక్టోబర్ 15 కంటే 18 రోజులు ముందు. పాత పద్ధతిలో ఆ 18 రోజులూ సీజన్ కాని రోజులకి ఉండే వారానికి 8 గంటల కోటా కిందకి వచ్చేవి, దాదాపు 20 గంటలు. మిగిలిన 24 రోజులకి 20 గంటల కోటా, సుమారు 70. మొత్తం 90. కొత్త పద్ధతిలో ఆరు వారాలూ 20 చొప్పున 120.

పిల్లలకి విశ్రాంతి పేరు చెప్పి కోచ్‌కి 30 గంటలు ఇచ్చారు. ప్రాక్టీసుల సంఖ్యా అంతే. 24 రోజుల్లో వారానికో సెలవు తీసేస్తే 20 లేదా 21 మిగుల్తాయి, ఇప్పుడు 30. ఖాళీ రోజులు పెరిగిన మాట నిజమే, పని రోజులూ అంతకు తగ్గకుండా పెరిగాయి.

హాఫ్‌కోర్ట్:
మాస్టారూ, గంటలు పెరిగాయని ఒప్పుకుంటా. కానీ ఒంటికి దెబ్బ తగిలేది మొత్తం గంటల వల్ల కాదు, ఒక్కసారిగా పెంచడం వల్ల. 8 నుంచి 20కి ఒక్క రాత్రిలో దూకితే పాదాల్లో సన్నటి పగుళ్లు వస్తాయి. ఆరు వారాలుంటే మెల్లగా పెంచుకోవచ్చు.

లెక్కల మాస్టారు:
పెంచుకోవచ్చు. పెంచుకోవాలి అని నియమంలో లేదు. మొదటి వారమే 20 గంటలు చేయించినా తప్పు కాదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో 2017లో ఒకరినొకరు ఢీకొట్టే ప్రాక్టీసులు రోజుకి రెండు పెట్టకూడదని నేరుగా నిషేధించారు. అలాంటిది చూపించండి, నా 30 గంటల గొడవ వదిలేస్తా.

టవల్ బాయ్:
మీరిద్దరూ 20 గంటల్ని నిజమైన 20 గంటలు అనుకుని కొట్టుకుంటున్నారు. నేను ఎమ్మెస్ చేసేటప్పుడు రెండేళ్లు ఒక జట్టుకి స్టూడెంట్ మేనేజర్‌గా పనిచేశా. తువ్వాళ్లు, నీళ్ల సీసాలు, గడియారం నా డ్యూటీ. కాలేజీ పేరు అడగొద్దు.

ఏవి లెక్కలోకి వస్తాయో ముందు చెప్తా. కోర్టు మీద ప్రాక్టీసు, వెయిట్లు, కోచ్ చూపించే వీడియో వస్తాయి. ఫిజియో దగ్గర కట్టు కట్టించుకోవడం రాదు. ప్రయాణం రాదు. మ్యాచ్ రోజు మొత్తం ఎంతసేపు పట్టినా 3 గంటలే రాస్తారు. పొద్దున షూట్‌అరౌండ్ (తేలికపాటి ప్రాక్టీసు), మధ్యాహ్నం వీడియో, రాత్రి 9కి ఆట, ఇవన్నీ కలిపి మూడే గంటలు! ఎన్‌సీఏఏ తనే ఆటగాళ్లని సర్వే చేస్తే, వాళ్లు సీజన్‌లో వారానికి 30 గంటలు దాటి చెప్పారు. అది అబద్ధమూ కాదు, ఉల్లంఘనా కాదు. కాగితం మీది 20, వాళ్లు చెప్పిన 30 రెండూ నిజమే, అదే తమాషా.

తర్వాత 'ఐచ్ఛికం' అన్న మాట. కోచ్ చెప్పకూడదు, చూడకూడదు, ఎవరొచ్చారో ఆయనకి ఎవరూ చేరవేయకూడదు. అప్పుడే అది లెక్కలోకి రాదు. మా జట్టులో కోచ్ ఎప్పుడూ చెప్పలేదు. సీనియర్లు చెప్పేవాళ్లు. కోచ్ ఆఫీసు కిటికీలోంచి జిమ్ పార్కింగ్ కనబడేది, అంతే.

పార్కింగ్‌లాట్ నాన్న:
టవల్ బాయ్ గారు, ఆ చివరి వాక్యం చదివి రెండు నిమిషాలు ఆగిపోయాను. మా పెద్దమ్మాయి డివిజన్ 1లో గార్డ్‌గా ఆడింది. స్కూలు రోజుల నుంచీ కార్లో కూర్చుని ఎదురుచూసింది నేనే, అందుకే ఈ పేరు. రెండో ఏడాది సెప్టెంబర్‌లో, ప్రాక్టీసు ఇంకా మొదలవకముందే, పొద్దున 6 గంటలకి పిల్లలే ఆడుకునే 'ఐచ్ఛిక' ఆటలుండేవి. దానికి ఆర్గానిక్ కెమిస్ట్రీ ల్యాబ్ 8కి. వారంలో రెండు రోజులు వెళ్లలేకపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. నవంబర్ వచ్చేసరికి మొదటి ఐదుగురిలో ఉండాల్సిన పిల్ల బెంచి మీద ఉంది. కారణం అదేనని నేను రుజువు చేయలేను. అది కాదని వాళ్లూ చెప్పలేరు.

మన ఇళ్లల్లో ఇంకో టెన్షన్ ఉంటుంది. 'ఆట మానెయ్, చదువు చూసుకో' అని మా అత్తగారు ఫోన్లో. 'నాన్నా, స్కాలర్‌షిప్ ఆటదే కదా' అని ఆ పిల్ల. ఈ 42 రోజుల నియమం మా ఇంటి గొడవ ఒక్కటి కూడా తీర్చలేదు.

అక్టోబర్ 15:
నాన్నగారూ, బాధగా ఉంది. కానీ ఇది నా మాటకే బలం. తేదీకి ముందు జరిగేదంతా చీకట్లో జరిగేదే. ఆ చీకటిని 2012 నుంచి వేసవిలోకి కూడా పాకించారు. వేసవి క్లాసుల్లో చేరినవాళ్లకి ఎనిమిది వారాలు, వారానికి 8 గంటల శిక్షణ. దానికితోడు నాలుగేళ్లకోసారి విదేశీ పర్యటన పెట్టుకుంటే అదనంగా 10 ప్రాక్టీసులు. డబ్బున్న కాలేజీ ఆగస్టులో ఏ ఇటలీకో పోయి వస్తుంది, చిన్న కాలేజీ ఊళ్లోనే ఉంటుంది. ఇంక ప్రీసీజన్ అని దేన్ని అంటాం? సీజన్ కానిది ఏది?

రెండో వరుస:
మీ అందరి మాటా కొంత నిజమే, కానీ అసలు ప్రశ్న ఎవరూ అడగట్లేదు. ఇది పనా, చదువుతో పాటు ఆటా?

2014లో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆటగాళ్లు యూనియన్ కోసం వేసిన కేసులో జాతీయ కార్మిక సంబంధాల బోర్డు ప్రాంతీయ అధికారి లెక్క తీస్తే, సీజన్‌కి ముందు శిక్షణ శిబిరంలో వారానికి 50 నుంచి 60 గంటలు తేలింది. తర్వాత పై బోర్డు ఆ కేసు తీసుకోలేదనుకోండి, అది వేరే. 2024 మార్చిలో డార్ట్‌మత్ బాస్కెట్‌బాల్ కుర్రాళ్లు 13-2తో యూనియన్‌కి ఓటేశారు, ఏడాది చివరికి పిటిషన్ వెనక్కి తీసుకున్నారు. 2025 జూన్‌లో ఆటగాళ్లకి చెల్లింపుల మీద నడిచిన 'హౌస్' కేసు సెటిల్‌మెంట్‌కి కోర్టు ఆమోదం దొరికాక కాలేజీలు ఆటగాళ్లకి నేరుగా డబ్బు ఇస్తున్నాయి. మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల పరిమితి. డబ్బు ఇచ్చేవాడు 'ఐచ్ఛికం' అంటే నమ్మేదెవరు? ఎన్ని గంటలన్నది ఆటగాళ్లతో కూర్చుని ఒప్పందం రాసుకోవాలి. కోచ్‌లూ అధికారులూ ఓటేసి తేల్చేది కాదు.

హాఫ్‌కోర్ట్:
రెండో వరుస గారూ, జీతం తీసుకునేవాళ్ల సంగతి సరే. డివిజన్ 1లో 350కి పైగా కాలేజీలున్నాయి. చాలాచోట్ల ఆ చెక్కులు కనబడవు. ఆ పిల్లలకి ఒప్పందం రాసేదెవరు? వాళ్లకి మిగిలింది ఈ నియమాల పుస్తకమే. అందుకే దాన్ని అంత తేలిగ్గా తీసిపారేయను.

కానీ నా మొదటి పోస్టులో ఒకటి దిద్దుకుంటా. 12 రోజులు ఖాళీ ఖాయం అని రాశా. పార్కింగ్‌లాట్ నాన్న గారు చెప్పింది విన్నాక, ఆ రోజుల్లో 'ఐచ్ఛికం' కూడా పెట్టకూడదు, జిమ్‌కి తాళం వేయాలి అని నియమం ఉంటే తప్ప ఆ మాట నిలబడదు. తాళం వేయమంటాను నేను.

లెక్కల మాస్టారు:
తాళానికి నా ఓటు. అయినా దొరకడం ఎలా? 2010లో మిషిగన్ ఫుట్‌బాల్ గంటలు మించి చేయించినందుకు మూడేళ్ల ప్రొబేషన్ (నిఘా శిక్ష) పడింది. అది బయటపడింది రికార్డు పుస్తకం వల్ల కాదు, ఆటగాళ్లు పేరు చెప్పకుండా పత్రికకి చెప్పినందువల్ల. టవల్ బాయ్, గంటల కాగితం మీద ఆటగాళ్లు సంతకం పెట్టేవాళ్లా? చదివి పెట్టేవాళ్లా?

టవల్ బాయ్:
పెట్టేవాళ్లు. బయటి ఊరి మ్యాచ్ నుంచి తిరిగొచ్చేటప్పుడు, బస్సులో, రాత్రి ఒంటిగంటకి. క్లిప్‌బోర్డు వరసగా వెనక్కి పంపేది నేనే. ఫోన్ లైటు వెలుగులో సంతకం చేసి పక్కవాడికి ఇచ్చేవాళ్లు. ఒకడు ఒక్కసారి పైన ఉన్న అంకె చూసి, 'ఇది ఈ వారానిదేనా?' అని అడిగాడు. అవునన్నా. నవ్వి సంతకం పెట్టేశాడు.