ఆలిస్ కూపర్ బ్యాండ్‌ని నిలబెట్టింది పాటలా, కోడి గొడవా?

డ్రమ్స్‌పిచ్చి: షాక్ రాక్, అంటే స్టేజి మీద భయపెట్టే నాటకాలతో సాగే రాక్ సంగీతం, దాని తొలిరోజుల మాట వస్తే నాది ఒకటే వాదన. 1969 సెప్టెంబరులో టొరంటోలో స్టేజి మీదికొచ్చిన కోడిని బ్యాండ్ గాయకుడు ఆలిస్ జనంలోకి విసిరాడు, జనం దాన్ని చీల్చేశారు. పేపర్లేమో అతనే తల కొరికి రక్తం తాగాడని రాశాయి. ఆ వార్త లేకపోతే ఫీనిక్స్ నుంచి వచ్చిన ఆ అయిదుగురిని ఎవరు పట్టించుకునేవాళ్లు? కాదనేవాళ్లు చెప్పండి.

పాతరికార్డు: నేను కాదంటానండీ. అంత ప్రచారం జరిగాక 1970లో వచ్చిన వాళ్ల ఆల్బమ్ 'ఈజీ యాక్షన్' చార్టుల్లోకే ఎక్కలేదు. రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా రికార్డు కంపెనీకి రెండు ఆల్బమ్‌లు చేసినా లాస్ ఏంజెలెస్‌లో ఆదరణ దొరక్క డెట్రాయిట్ వైపు వెళ్లిపోయారు. అక్కడ స్టూజెస్, ఎంసీ5 లాంటి రాక్ బ్యాండ్లను వినే జనం వీళ్లనూ విన్నారు. సాగదీసి వాయించుకునే ఒక పాటను ప్రొడ్యూసర్ బాబ్ ఎజ్రిన్ పట్టుబట్టి మూడు నిమిషాలకు కుదించాడు. అదే 'ఐయామ్ ఎయిటీన్'. 1971లో అమెరికా చార్టులో 21వ స్థానానికి వచ్చింది. రేడియోలో విన్నవాళ్లకు కోడి కనబడిందా, ఆలిస్ కళ్ల చుట్టూ పూసుకునే కాటుక కనబడిందా?

డ్రమ్స్‌పిచ్చి: 21వ స్థానం దాకా వచ్చి మాయమైన బ్యాండ్లు బోలెడు. హాళ్లు నింపింది స్టేజి మీద ఆలిస్‌ను చంపినట్టు చూపించే ఎలక్ట్రిక్ చెయిర్, ఆ తర్వాత ఉరికంబం. టికెట్ కొన్నవాడు చూడ్డానికే వచ్చాడు బ్రదర్.

మూలసీటు: మీరిద్దరూ విడదీయలేనిదాన్ని విడదీస్తున్నారు. 'బ్యాలడ్ ఆఫ్ డ్వైట్ ఫ్రై' పిచ్చాసుపత్రిలో ఇరుక్కున్న మనిషి పాట. దానికి ఆలిస్ చేతులు కట్టేసే కోటు వేసుకుని పాడేవాడు. 'డెడ్ బేబీస్' తల్లిదండ్రులు పట్టించుకోక చనిపోయిన పాప కథ. షోలో ఆ తర్వాతే అతణ్ని ఉరితీసేవాళ్లు. పాట లేకుండా ఆ ఉరికి అర్థమే లేదు.

నాకు బాధ కలిగించేది వేరే ఉంది. 'ఆలిస్' అంటే ఒక్క మనిషే అన్నట్టు మాట్లాడుతున్నారు. 1975లో సోలోగా వెళ్లేదాకా అది బ్యాండ్ పేరు. స్కూల్లో ఆర్ట్ క్లాసు నుంచీ విన్సెంట్ ఫర్నియర్ (ఆలిస్ అసలు పేరు), బాస్ గిటారిస్టు డెనిస్ డనవే కలిసి ఊహించిన నాటకం అది. డ్రెస్సులు కుట్టింది డ్రమ్మర్ నీల్ స్మిత్ చెల్లెలు సిండీ. 'ఐయామ్ ఎయిటీన్', 'స్కూల్స్ ఔట్' రెండింటికీ రచయితలుగా అయిదుగురి పేర్లూ ఉంటాయి. గ్లెన్ బక్స్‌టన్, మైకేల్ బ్రూస్‌ల గిటార్ల గురించి ఈ చర్చలో ఒక్క ముక్కైనా వచ్చిందా?

పాతరికార్డు: బాగా చెప్పారండీ. డ్రమ్స్‌పిచ్చి గారూ, మీ పేరు చూసి అడుగుతున్నా: 'కిల్లర్' ఆల్బమ్‌లో 'హేలో ఆఫ్ ఫ్లైస్' పాట వినండి. ఎనిమిది నిమిషాలకు పైగా ఉంటుంది, నీల్ స్మిత్ చేతులు ఎక్కడా ఆగవు. విన్నాక కూడా కోడే గొప్పదంటే మళ్లీ వాదించుకుందాం.