ఒంట్లో ఓపిక, మనసులో ఓపిక: ఒకటే మాటా?

నిన్న ఒక మిత్రుడు అడిగారు: "'ఒంట్లో ఓపిక లేదు' అంటే శక్తి లేదని. 'కాస్త ఓపిక పట్టు' అంటే సహనం వహించమని. ఇవి రెండు మాటలా, ఒకటేనా?"

ఒకటేనండీ. ఓపు అనే క్రియ నుంచి వచ్చింది. ఓపడమంటే తాళగలగడం, చేయగలగడం. "చలికి ఓపలేక", "ఓపినంత ఇవ్వండి" లాంటివి ఇప్పటికీ వింటున్నాం. బరువును తాళితే బలం, బాధను తాళితే సహనం. ఓర్పుకి ఈ రెండో అర్థం ఒక్కటే ఉంది. జ్వరం తగ్గి లేచినవాడు "ఒంట్లో ఓర్పు లేదు" అనడు, ఓపిక లేదనే అంటాడు. వాడికి ఇంట్లోవాళ్ళు చెప్పేదీ "రెండు ముద్దలు తిను, ఓపిక వస్తుంది" అనే. ఆ ముద్దతో కాళ్ళకి బలం వస్తుంది, అప్పటిదాకా ఉన్న చిరాకూ పోతుంది. రెండిటికీ ఒకే మాట చాలనుకున్నారు మనవాళ్ళు.

విజయవాడ సత్యనారాయణపురంలో ఉండే మా పెద్దమ్మ కార్తీక సోమవారాలు నక్తం ఉంటుంది. పగలంతా ఏమీ తినదు. సాయంత్రం నక్షత్రం చూసి, దీపం పెట్టి అప్పుడు తింటుంది. ఈలోపు మాకోసం గోంగూర ఆకులు ఒలుస్తూ, పుల్లలన్నీ చాటకి ఒక పక్కకి తోస్తూ కూర్చుంటుంది. "ఓపికుందా పెద్దమ్మా?" అని అడిగితే "ఉందిలేరా" అంటుంది. నేనడిగింది ఒంటి సంగతి. ఆవిడ చెప్పేది దేని గురించో ఆ ఒక్క మాటతో తేల్చలేం. ఉపవాసంలో ఒకటి తగ్గుతుంటే రెండోది నిలబడాలి, అందుకే అది వ్రతం అయింది.

కానీ ఆ నిలబడడానికీ ఒక హద్దుంది. ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుని 15 రోజులు అన్నం మానేయమంటాడు. నీళ్ళు మాత్రం ఎన్నైనా తాగవచ్చు, ప్రాణానికి ఢోకా లేదంటాడు. ఆ తర్వాత ఋక్కులు, యజుస్సులు, సామాలు చెప్పమంటే, వేదమంతా చదువుకుని వచ్చిన కుర్రాడు "ఏవీ తోచడం లేదు" అంటాడు. పెద్ద మంట ఆరిపోయి మిణుగురంత నిప్పు మిగిలితే అది దేన్ని కాల్చగలదు? నీ 16 కళల్లో (అంటే భాగాల్లో) ఒక్కటే మిగిలింది, వెళ్ళి తిని రా అంటాడు తండ్రి. తిని వచ్చాక అడిగినవన్నీ చెప్పేశాడు. అక్కడే "అన్నమయం హి సోమ్య మనః" (నాయనా, మనసు అన్నంతో అయినదే) అన్న మాట వస్తుంది. తిన్నదానిలో స్థూలభాగం మలమవుతుంది, నడిమి భాగం మాంసమవుతుంది, అతి సూక్ష్మభాగం మనసవుతుంది అని దానికి ముందే చెప్పి ఉంచాడు. తండ్రి ఆ మాటని వాదించి ఒప్పించలేదు, ఆకలితోనే తెలిసేలా చేశాడు. ఉపనిషత్తుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇది.

సత్తువ కూడా ఇలాంటి మాటే. సత్త్వానికి తద్భవం. "గంజి తాగితే సత్తువ" అన్నప్పుడు అది కండబలం. అదే సత్త్వం నుంచి వచ్చిన సాత్వికుడు మాత్రం నెమ్మదస్తుడు. గీత 17వ అధ్యాయంలో సాత్వికాహారాన్ని చెబుతూ "ఆయుఃసత్త్వబలారోగ్య..." అని సత్త్వాన్నీ బలాన్నీ పక్కపక్కనే పెట్టారు. తెలుగులో బలం సత్తువకీ, నెమ్మది సాత్వికానికీ విడిపోయాయి.

వ్యాఖ్య: దసరాల్లో ఒకరోజు మన దుర్గమ్మకి అన్నపూర్ణాదేవి అలంకారం చేస్తారు కదండీ. అన్నపూర్ణ శ్లోకంలో "జ్ఞానవైరాగ్యసిద్ధ్యర్థం భిక్షాం దేహి" అని ఉంటుంది. కడుపు నింపమని అనకుండా జ్ఞానం కోసం భిక్ష అడగడం మీరు చెప్పినదానికి సరిపోతుంది.

జవాబు: బాగా గుర్తు చేశారమ్మా. వైరాగ్యం కావాలన్నా ముందు భిక్ష కావాలి.

వ్యాఖ్య: మాస్టారూ, మాది గుంటూరు. అదే అధ్యాయంలో తర్వాతి శ్లోకం కారం, పులుపు, ఉప్పు రాజసం అంటుంది. మా మిర్చి యార్డులో టిక్కీలు (మిరప బస్తాలు) మోసే హమాలీలు మధ్యాహ్నం పచ్చడి నంజుకోకుండా ముద్ద దించరు. వాళ్ళకున్న ఓపిక నేనెక్కడా చూడలేదు, రెండు రకాలుగానూ.

జవాబు: శ్లోకం "కట్వమ్లలవణాత్యుష్ణ" అని మొదలవుతుంది తమ్ముడూ. అందులోని "అతి"ని ఉష్ణానికే కాకుండా కటువు (కారం) మొదలైన అన్నిటికీ కలుపుకోవాలని శంకరులు భాష్యంలో రాశారు. అంటే కారం కాదు, అతికారం. పైగా ఆ కటువు మన మిరపకాయ కాదు. మిరప అమెరికా ఖండాల పంట, పోర్చుగీసువాళ్ళు వచ్చాకే మన దేశానికి చేరింది. అంతకుముందు ఘాటంటే మిరియం, శొంఠి, పిప్పలి. హమాలీల సంగతి మీరన్నది అక్షరాలా నిజం. ఎండలో అంత బరువు మోసేవాడి పళ్ళెం చూసి రాజసం, తామసం అని పేరు పెట్టే హక్కు ఎవరికీ లేదు.

వ్యాఖ్య: మా వరంగల్ దిక్కు జ్వరమొస్తే "శాతనైతలేదు" అంటం సార్. ఓపిక అనేది సబ్రుకే (సహనానికే) ఎక్కువ వాడుతం.

జవాబు: చాలా సంతోషం, ఇదే వినాలనుకున్నాను. అది "చేతనవు" కదా, అక్కడా "చేయగలగడం" అన్న అర్థమే ఒంటికి చేరింది. మా కోస్తాలో "చేతకాదు" అంటే పని రాదని నింద, మీ దగ్గర ఒంట్లో నలత. రాయలసీమవాళ్ళు నీరసానికి ఏమంటారో ఎవరైనా రాయండి.