మళ్ళీ ఉద్యోగంలో చేరే ఉద్దేశం లేదు. మెటర్నిటీ పే తీసుకోవచ్చా? (లెస్టర్, యూకే)

పలాస పిల్ల:

అందరికీ నమస్తే. నేను లెస్టర్‌లో ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ అసిస్టెంట్‌ని. మొత్తం పద్నాలుగు మందిమి. 2024 ఫిబ్రవరిలో చేరాను. జీతం పన్నులు కోయకముందు నెలకి 2,080 పౌండ్లు. డ్యూ డేట్ 2025 డిసెంబర్ 19. మిడ్‌వైఫ్ ఇచ్చిన మ్యాట్‌బీ1 కాగితం (డ్యూ డేట్ ధ్రువపరిచేది) ఆఫీసులో ఇచ్చేశాను.

సంగతేంటంటే, వచ్చే వేసవికి మా ఆయన ఉద్యోగం గ్లాస్గోకి మారుతోంది. ఇక నేను వెనక్కి వెళ్ళేది లేదు. ఈ విషయం మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలీదు. పోయిన గురువారం టీ కలుపుకుంటూ మా మేనేజరు "బిడ్డ పుట్టాక వస్తావుగా?" అనడిగింది. మంచావిడ. నాకు వాంతులైనన్నాళ్ళూ పది గంటలకి రమ్మంది, ఒక్క రోజు కూడా మొహం మాడ్చుకోలేదు. నా నోట్లోంచి "ఆ, వస్తాను" అని వచ్చేసింది. అప్పట్నుంచి అన్నం సహించట్లేదు.

డబ్బంతా తీసుకుని మానేస్తే వెనక్కి కట్టమంటారా? హ్యాండ్‌బుక్‌లో మొదటి ఎనిమిది వారాలు ఫుల్ పే అని చూసినట్టు గుర్తు. నేను డిపెండెంట్ వీసా మీద ఉన్నాను, పబ్లిక్ ఫండ్స్ (అంటే కొన్ని రకాల ప్రభుత్వ సాయం) తీసుకోకూడదని అందులో ఉంది, ఇది దాని కిందకి వస్తుందేమోనని ఇంకో భయం. అత్తయ్యకి చెప్తే "చెయ్యని పనికి జీతమేంటమ్మా, చోద్యం కాకపోతే!" అన్నారు. ఈ నెలాఖరుకి నిజం చెప్పి మానేస్తే పీడా పోతుందనిపిస్తోంది.

బర్మింగ్‌హామ్ గుమాస్తా:

చెల్లీ, ముందు అన్నం తిను. పదకొండేళ్ళుగా నా పని ఊళ్ళోవాళ్ళ జీతాలు లెక్క కట్టడమే, కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తాను.

ఎస్‌ఎంపీ, అంటే చట్టం ప్రకారం వచ్చే మెటర్నిటీ పే, నువ్వు అప్పటిదాకా చేసిన పనిని చూసి ఇస్తారు. రేపు వస్తావా రావా అన్నది అందులో లెక్కకే రాదు. రాకపోయినా పైసా వెనక్కి అడగడానికి లేదు. వాళ్ళు చూసేది ఒక్క వారాన్ని: డెలివరీ వారానికి ముందు పదిహేనో వారం. నీ డెలివరీ వారం డిసెంబర్ 14 ఆదివారంతో మొదలవుతుంది. పదిహేను వారాలు వెనక్కి లెక్కపెడితే ఆగస్టు 31 నుంచి సెప్టెంబర్ 6. ఆ వారానికి 26 వారాల సర్వీసు ఉండాలి, సగటు సంపాదన వారానికి కనీసం 125 పౌండ్లుండాలి (2025-26 లెక్క). నీకు రెండూ ఉన్నాయి. ఆ వారం దాటిపోయింది, ఆ డబ్బు నీదైపోయింది.

ఈ వారం సంగతి తెలియకే ఒకమ్మాయి నష్టపోయింది. నీలాగే మనసు ఒప్పుకోక, మేనేజరుకి అన్నీ చెప్పేసి, సరిగ్గా ఆ వారానికి పది రోజుల ముందు మానేసింది. ఎస్‌ఎంపీ మొత్తం పోయింది. తర్వాత ప్రభుత్వం దగ్గర మెటర్నిటీ అలవెన్సుకి దరఖాస్తు పెట్టుకుంది. అది వచ్చింది గానీ, మొదటి ఆరు వారాల పెద్ద మొత్తం అందులో లేదు.

నీ లెక్క చూద్దాం. జూలై, ఆగస్టు జీతాలు కలిపి 4,160. ఆరుతో హెచ్చవేసి 52తో భాగిస్తే వారానికి 480 పౌండ్లు. మొదటి ఆరు వారాలు అందులో 90 శాతం, 432. ఆ తర్వాత 33 వారాలు, 2025-26 రేటు ప్రకారం 187.18. ఏప్రిల్‌లో రేటు మారుతుంది, అయినా సుమారుగా 8,770 పౌండ్లు అనుకో. పన్ను, ఎన్‌ఐ (నేషనల్ ఇన్సూరెన్స్) మామూలుగానే కోస్తారు.

ఈ నెలాఖరుకి మానేసినా ఎస్‌ఎంపీ ఎక్కడికీ పోదు. కానీ మానేసిన మర్నాటి నుంచే ఆ 39 వారాలు మొదలైపోతాయి. అక్టోబర్, నవంబర్ జీతం చేజేతులా వదులుకున్నట్టే. పైగా లీవులో ఉన్నా నీ జీతపు సెలవులు పోగవుతూనే ఉంటాయి, ఏడాదికి 28 రోజులు. చివర్లో రాజీనామా చేస్తే వాడుకోని రోజులకి డబ్బు కట్టిస్తారు. అదీ పోతుంది. అంతకంటే ఎస్‌ఎంపీ అయ్యేదాకా ఆగి, కాంట్రాక్టులో ఎంత నోటీసు ఉంటే అంతా ఇచ్చి మానెయ్.

వీసా: ఎస్‌ఎంపీ పబ్లిక్ ఫండ్స్ కిందకి రాదు. పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే చైల్డ్ బెనిఫిట్ మాత్రం ఆ కిందకే వస్తుంది, ఎవరో చెప్పారని దానికి దరఖాస్తు పెట్టుకోకు.

ఇక ఆ ఎనిమిది వారాల ఫుల్ పే. మెలిక అక్కడుంటుంది. హ్యాండ్‌బుక్ మళ్ళీ తీసి, ఆ పేరా కింద చిన్నక్షరాల్లో ఏముందో చదువు.

వాల్సాల్ సిస్టర్:

మెలిక అన్నారు కదా, నేను దాంట్లో చిక్కుకున్నదాన్నే. ఎన్‌హెచ్‌ఎస్‌లో, అంటే ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవలో, ఎనిమిది వారాలు పూర్తి జీతం, తర్వాత 18 వారాలు సగం జీతం ప్లస్ ఎస్‌ఎంపీ, ఆపైన 13 వారాలు ఒట్టి ఎస్‌ఎంపీ. తిరిగొచ్చి కనీసం మూడు నెలలు చెయ్యాలి. లేదంటే ఎస్‌ఎంపీ వరకు వదిలేసి పైదంతా కట్టాలి. మా వారికి లీడ్స్‌లో పని దొరికి నేను రాజీనామా ఇవ్వగానే కట్టమని లెటరొచ్చింది. చంకలో పాప, చేతిలో ఆ కాగితం, ఏడుపొక్కటే తక్కువ. యూనియన్ రెప్ చూసి చెప్పాడు: అదే ఆసుపత్రి ట్రస్టు కానక్కర్లేదు, ఏ ఎన్‌హెచ్‌ఎస్ ఉద్యోగమైనా సరే, లీవు మొదలైన 15 నెలల్లోపు చేరితే చాలని. లీడ్స్‌లో చేరి మూడు నెలలు చేశాను, సరిపోయింది.

నీది ప్రైవేటు కాబట్టి ఆ వెసులుబాటు ఉండదమ్మా. చదివాకే సంతకం పెట్టు.

హౌన్స్లో బాబాయ్:

రూల్సు సరేనండీ. వస్తానని మాటిచ్చి పద్నాలుగు మంది ఉన్న కంపెనీకి టోపీ పెట్టడం న్యాయమా? ఇలాంటివాళ్ళ వల్లే రేపు మన ఆడపిల్లలకి ఉద్యోగం ఇవ్వడానికి వెనకాడతారు.

బర్మింగ్‌హామ్ గుమాస్తా:

బాబాయ్ గారూ, టోపీ ఎక్కడుందో చూపించండి. కంపెనీ ఏడాదికి కట్టే ఎన్‌ఐ 45,000 పౌండ్ల లోపుంటే, ఇచ్చిన ఎస్‌ఎంపీ అంతా వాళ్ళకి వెనక్కి వస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి, 2025-26కి, దానిమీద ఇంకో 8.5 శాతం అదనం. పెద్ద కంపెనీలకైనా 92 శాతం వస్తుంది. ఎలాగూ 52 వారాల లీవు ఉంటుందనుకునే వాళ్ళు ఇంకొకర్ని పెట్టుకుంటారు.

మాట సంగతికొస్తే, అక్కడ మీతో సగం ఏకీభవిస్తాను. చెల్లీ, అబద్ధం చెప్పనక్కర్లేదు, మళ్ళీ అడిగితే "బిడ్డ పుట్టాక చూస్తానండీ" అను. చట్టం అంతకంటే అడగదు. రానని గట్టిగా చెప్పి ఐదో నెలకే తిరిగొచ్చిన వాళ్ళని చూశాను, ఆ తలుపు నీ చేత్తో మూసుకోకు. కానీ గ్లాస్గో ఖాయమయ్యాక కాంట్రాక్టులో నెల నోటీసు ఉంటే రెండు నెలల ముందే చెప్పు. వాంతులప్పుడు పది గంటలకి రమ్మన్న మనిషికి ఆ మాత్రం చెయ్యాలి.

పలాస పిల్ల:

అన్నా, చదివాను. 31వ పేజీలో ఉంది: తిరిగొచ్చి ఆరు నెలలు చెయ్యకపోతే అదనంగా ఇచ్చింది కట్టాలట. రాత్రి కూర్చుని లెక్కేశాను. ఎనిమిది వారాల ఫుల్ పే 3,840. అందులో నా ఎస్‌ఎంపీ 2,966.36. అంటే గొడవంతా 873 పౌండ్ల 64 పెన్నీల గురించి! ఇన్నాళ్ళూ మొత్తం ఎనిమిది వేలు కట్టాలేమోనని నిద్రపోలేదు.

ఇవాళ మేనేజరు దగ్గరికెళ్ళి "నాకు ఎస్‌ఎంపీ ఒక్కటి వెయ్యండి చాలు, పైది తిరిగొస్తే అప్పుడు చూద్దాం" అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి ఒక్క క్షణం నా వైపు చూసి, "సరే. గ్లాస్గోలో చలెక్కువ, బిడ్డకి మంచి కోటు కొను" అంది.

మా ఆయన సంగతి ఆవిడకెలా తెలిసిందో ఇప్పటికీ అర్థం కావట్లేదు.

బర్మింగ్‌హామ్ గుమాస్తా:

మీ ఆయన లింక్డిన్‌లో ఏం పెట్టాడో ఓసారి చూడు చెల్లీ.