నాన్నగారి పేరు మీదున్న కనెక్షన్‌తో సోలార్ రాయితీ వస్తుందా?

ప్రశ్న: డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాలనుకుంటున్నాం. ఇల్లు అమ్మ పేరు మీద ఉంది. కరెంటు కనెక్షన్ మాత్రం కీర్తిశేషులైన నాన్నగారి పేరు మీదే ఉండిపోయింది. ఇళ్ల మీద సోలార్‌కు కేంద్రం రాయితీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకానికి ఇలాగే దరఖాస్తు చేయవచ్చా? రాయితీ పోగా మిగిలింది కడితే చాలని ఒక విక్రేత అంటున్నారు.

జవాబు: ముందు కనెక్షన్‌ను అమ్మగారి పేరుకు మార్పించండి, దయచేసి తొందరపడవద్దు. బిల్లులో, బ్యాంకు ఖాతాలో ఒకే పేరుంటే చిక్కులుండవు. రాయితీ మొదటి 2 కిలోవాట్లకు 30,000 రూపాయల చొప్పున, మూడోదానికి 18,000, మొత్తం 78,000. అంతకంటే పెద్దది పెట్టినా పెరగదు. నెట్ మీటర్ (మనం తీసుకున్న కరెంటునూ, గ్రిడ్‌కు పంపిన కరెంటునూ లెక్కించే మీటర్) బిగించి, తనిఖీ ముగిశాక అది నేరుగా వినియోగదారు ఖాతాలోనే పడుతుంది. కాబట్టి ఆ విక్రేత మాట నాకు నచ్చలేదు. పూర్తి ధర, చెల్లింపుల వివరాలు కాగితం మీద రాయించుకోండి. జాతీయ పోర్టల్‌లో నమోదైన విక్రేతేనా అన్నదీ చూడండి.

మరో జవాబు: ప్యానెళ్లు, వాటిలోని సెల్స్ దేశంలో తయారైనవే కావాలి. లేకపోతే రాయితీ రాదు. నీళ్ల ట్యాంకు నీడ పడుతుందేమో కూడా చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండి. పేరు మార్పిడికి రేపే అమ్మతో సంతకం పెట్టిస్తాను.