వ్యూహం నడిపే క్లాసు: అరిస్తే గాయం మానుతుందా?

పాచికలపంతులు:
ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడేలా మేము సొంతంగా రూపొందించుకుంటున్న ఫాంటసీ ఆటలో, మంత్రాలేవీ తెలియకుండా వ్యూహబలంతోనే జట్టును నడిపించే ఒక క్లాసు (పాత్రరకం) ఉండాలనుకుంటున్నాము. 2008లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ నాలుగో ఎడిషన్‌తో వచ్చిన వార్‌లార్డ్ అనే, మాటలతోనే తోటివారిని కోలుకునేలా చేసే క్లాసును నమూనాగా తీసుకుందామని నేనంటే, కత్తివేటుకు కూలినవాడు పక్కవాడు అరిచినంత మాత్రాన ఎలా లేస్తాడని మిగిలినవారు అడ్డుపడుతున్నారు. మీరేమంటారు?

కోటబురుజు:
వారి అభ్యంతరం సబబే. హిట్ పాయింట్లలో, అంటే దెబ్బ తగిలినప్పుడల్లా తరిగే పాయింట్లలో, దేహబలంతో పాటు మనోబలమూ అదృష్టమూ కలిసి ఉంటాయని నియమపుస్తకాలు చెబుతున్న మాట నిజమే కానీ, ఆట నడిపేవారు "బాణం భుజంలో దిగింది" అంటారు తప్ప "నీ అదృష్టం కాస్త తరిగింది" అనరు. 2014లో వచ్చిన అయిదో ఎడిషన్ వార్‌లార్డ్‌ను పక్కనపెట్టి, బ్యాటిల్ మాస్టర్ అనే రకం ఫైటర్‌కు (ఆయుధాలతో పోరాడేవాడికి) ర్యాలీ అనే ఎత్తుగడనిచ్చి, తాత్కాలిక హిట్ పాయింట్లతో సరిపెట్టింది. అదే మేలు.

నడిమిపాచిక:
కోటబురుజు గారూ, తాత్కాలిక పాయింట్లు దెబ్బను కాచుకోవడానికి పనికివస్తాయే గానీ, సున్నాకు పడిపోయి స్పృహ తప్పినవాణ్ణి లేపలేవు. అలాంటప్పుడు జట్టుకు మళ్లీ దైవమంత్రాలతో గాయాలు మాన్పే క్లెరిక్ కావలసివస్తాడు; క్లెరిక్ లేకుండా ఆడుకోవడానికే కదా ఈ క్లాసు! పైగా వార్‌లార్డ్ వాడే ఇన్‌స్పైరింగ్ వర్డ్ ఎక్కడినుంచో బలం తెచ్చిపెట్టదు. గాయపడినవాడు తన హీలింగ్ సర్జ్ (కోలుకోవడానికి తనకు లెక్కగా ఉండే సొంత శక్తి) ఒకటి ఖర్చుపెట్టుకుంటాడు, మొదటి స్థాయిలో దానికి ఒక డి6 (ఆరు ముఖాల పాచిక) కలుస్తుంది, అంతే. సర్జ్‌లు అయిపోయినవాడి చెవిలో ఎంత అరిచినా కొత్త బలం రాదు.

నన్నడిగితే అసలు చిక్కు వైద్యంలో లేదు, ఆజ్ఞాపించి కొట్టించడంలో ఉంది. 2014 నియమాల్లోని కమాండర్స్ స్ట్రైక్ అనే బ్యాటిల్ మాస్టర్ ఎత్తుగడనే చూడండి. అయిదో స్థాయి ఫైటర్ తన రెండు దాడుల్లో ఒకటీ, బోనస్ యాక్షనూ (తన వంతులో చేయగల అదనపు చిన్న పని), ఎత్తుగడల కోసం ఉండే ఒక డి8 పాచికా వదులుకుంటే, తోటివాడు తన రియాక్షన్‌తో (తన వంతు కాకపోయినా చేయగల ఒక పనితో) ఒక దాడి చేస్తాడు. ఫైటర్ వదులుకున్న డి8 కత్తివేటు విలువ, బలం బోనస్ 4 అనుకుంటే, తగిలినప్పుడు సగటున 8.5. శత్రువు పక్కనే ఫైటర్ నిలబడి ఉన్నాడు కనుక, ఆ దాడి చేసేది రోగ్ (దొంగచాటుగా పోరాడేవాడు) అయితే స్నీక్ అటాక్ అనే అదనపు దెబ్బ కూడా పడుతుంది. ఆ నియమం టర్న్‌కు (ఒకరి వంతుకు) ఒకసారి అంటుందే గానీ రౌండ్‌కు (అందరి వంతులూ కలిసిన చుట్టుకు) ఒకసారి అనదు, కనుక ఫైటర్ వంతులోనూ అది దక్కుతుంది. అదే స్థాయి రోగ్‌కు రేపియర్ కత్తితో 8.5, స్నీక్ అటాక్ 3డి6కు (మూడు డి6లకు) 10.5, ఆజ్ఞతో వచ్చిన డి8కు 4.5 కలిపితే 23.5. అదే మంత్రగాడైన విజర్డ్ చేత కర్రతో కొట్టిస్తే నవ్వులపాలే. ఒక క్లాసు బలం ఎదుటివాడి క్యారెక్టర్ షీటు (పాత్ర వివరాల కాగితం) మీద ఇంతగా ఆధారపడటం నాకు నచ్చదు. కాబట్టి దాడులే కాకుండా స్థానం మార్పించడం, ముందుగా కదిలించడం వంటి ఆజ్ఞలకు ఎక్కువ చోటు ఇవ్వండి. అవి విజర్డ్‌కూ అక్కరకొస్తాయి.

ఎర్రబావుటా:
లెక్క బాగుంది కానీ, బల్ల దగ్గర ఒకరు "నువ్వు అటు పో, నువ్వు ఇటు కొట్టు" అంటూ ఉంటే మిగిలినవారు కీలుబొమ్మలవుతారు. పాత్‌ఫైండర్ అనే ఇలాంటి మరో ఆట రెండో ఎడిషన్‌కు వచ్చిన కమాండర్ క్లాసులో ఆజ్ఞ అందుకున్నవాడు తన రియాక్షన్ ఖర్చుపెట్టి స్పందిస్తాడు, వద్దనుకుంటే ఊరుకుంటాడు. పంతులు గారూ, మీ నియమంలో "చేస్తాడు" అని ఉన్న ప్రతిచోటా "చేయవచ్చు" అని రాసి, పాచిక అతని చేతికే ఇవ్వండి. హీలింగ్ సంగతి ఆ తరువాత తేల్చుకోవచ్చు.