అప్‌డేట్: ‘పుట్ ఇట్ ఆఫ్’ సందేహం తీరింది

ఇంగ్లిష్‌లో ‘దాన్ని వాయిదా వెయ్యి’ అనడానికి ‘పుట్ ఇట్ ఆఫ్’ అనాలా, ‘పుట్ ఆఫ్ ఇట్’ అనాలా అని మొన్న అడిగాను కదా, ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు. మొదటిదే కరెక్ట్.

‘పుట్ ఆఫ్ ద మీటింగ్’, ‘పుట్ ద మీటింగ్ ఆఫ్’ రెండూ ఒప్పే. కానీ ఇట్, హిమ్, దెమ్ లాంటివి వస్తే మధ్యలోనే పెట్టాలి. పలికేటప్పుడు ఒత్తు కూడా చివరి ‘ఆఫ్’ మీదే పడుతుంది, గట్టిగా పైకి చదివితే ఇట్టే తెలిసిపోతుంది.

అలాగని ఇలాంటి జంట మాటలన్నింటినీ విడదీయకూడదు. ‘లుక్ ఆఫ్టర్ హర్’ (ఆమెను చూసుకో) అనాలే గానీ ‘లుక్ హర్ ఆఫ్టర్’ అనకూడదు. ‘పుట్ అప్ విత్ ఇట్’ (దాన్ని భరించు) కూడా అంతే, ‘పుట్ అప్ విత్’ మూడు మాటలూ కలిసే ఉంటాయి.

మా చెల్లికి ఆఫీసు నుంచి ‘ఇంటర్వ్యూ హాజ్ బీన్ కాల్డ్ ఆఫ్’ అని మెయిల్ వస్తే, వాయిదా పడిందనుకుని కొత్త తేదీ కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. కాల్ ఆఫ్ అంటే రద్దు. వాయిదాకి పుట్ ఆఫ్. ఈ తేడా స్కూల్లోనే గట్టిగా చెప్పాలి.

మన దగ్గర బాగా వినబడే ‘కోప్ అప్ విత్’లో ‘అప్’ అక్కర్లేదు, తట్టుకుని నెట్టుకురావడానికి ‘కోప్ విత్’ చాలు.

ఇప్పుడు ‘గెట్ ఓవర్ ఇట్’, ‘గెట్ ఇట్ ఓవర్ విత్’ పట్టుకున్నాను. మొదటిది బాధ నుంచి తేరుకోవడం, రెండోది ఇష్టంలేని పని త్వరగా ముగించేయడం. ఇలాంటి జంటలు ఇంకా తెలిస్తే చెప్పండి, చెల్లికీ పంపిస్తాను.