మెయిల్ సంతకం కింద సూక్తులు ఉండాలా, తీసెయ్యాలా?

బొబ్బిలి_గుమాస్తా: మెయిళ్లలో పేరు, హోదా, ఫోన్ నంబరు తప్ప ఇంకేమీ ఉండకూడదని మా ఆఫీసులో సర్క్యులర్ వచ్చింది. నా పేరు కింద గాంధీగారి మాట ఉంది, లోకంలో ఏ మార్పు చూడాలనుకుంటామో ఆ మార్పు ముందు మనమే కావాలని. దానివల్ల ఎవరికి ఏం నష్టమండీ?

నాగావళి_రిటైర్డ్: తీసెయ్యడమే మంచిది బాబూ. నా పెన్షన్ బకాయిల గురించి ఒక ఆఫీసుకి ఎన్ని మెయిళ్లు పెట్టినా "పరిశీలనలో ఉంది" అనే జవాబే. దాని కింద కాలం విలువ గురించి ఆకుపచ్చ అక్షరాల్లో నాలుగు లైన్లు! అది చదివిన ప్రతిసారీ ఒళ్లు మండిపోయేది.

పలాస_కుర్రోడు: గాంధీగారు ఆ మాట అన్నట్టు ఎక్కడా ఆధారం లేదన్నా. మనం మారితే లోకం తీరూ మారుతుందనే అర్థంలో 1913లో ఇండియన్ ఒపీనియన్ పత్రికలో రాశారు, అంతే. ఇంకో సంగతి, మెయిల్ సంతకం నాలుగు లైన్లు దాటకూడదని 1995లోనే ఆర్‌ఎఫ్‌సీ 1855 అనే ఇంటర్నెట్ మర్యాదల పత్రంలో పెట్టారు.

బొబ్బిలి_గుమాస్తా: నాది ఒక్క లైనే. భావం ఆయనదే కదా, మాటలు కాస్త మారితే ఏమైంది?

పలాస_కుర్రోడు: ఆయన అనని మాట కింద ఆయన పేరు వెయ్యడం తప్పే.

పొందూరు_నేత: గాంధీగారు మెచ్చిన ఖాదీ మా ఊరిది. ఆయన మాట తీసెయ్యమనడానికి వీళ్లెవరు?

సాలూరు_అక్క: మా తమ్ముడికి చూపు లేదు, ఎన్‌వీడీఏ అనే, తెర మీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో మెయిళ్లు వింటాడు. ఒకే మెయిల్‌కి పది జవాబులొస్తే ఆ సూక్తి పదిసార్లు వినాలి. ఎవరైనా వాడి గురించి ఆలోచించారా?

నాగావళి_రిటైర్డ్: అదీ మాట! పని చెయ్యని వాళ్లకే ఈ సూక్తుల పిచ్చి.

బొబ్బిలి_గుమాస్తా: మాస్టారూ, పెద్దవారని ఊరుకుంటున్నాను. మీ ఫైలు ఆపింది నేనా? రాత్రి ఎనిమిదింటి దాకా కూర్చుని డ్రాఫ్టులన్నీ రాసేది నేను, సంతకం పైవాళ్లది. నా మాట అని చెప్పుకోవడానికి మెయిల్లో ఆ ఒక్క లైనే ఉంది. సర్క్యులర్ పంపినాయన మెయిల్ కింద సూక్తి ఇంకా అలాగే ఉంది. నా బాధ అదీ.

నాగావళి_రిటైర్డ్: ఆ మాట మొదటే చెప్పొచ్చు కదా. నీ గొడవ మీ పైవాడితో, గాంధీగారిని మధ్యలోకి ఎందుకు లాగావు? నాకు కావలసింది నా ఫైలు ఎవరి దగ్గరుంది, ఎప్పటికి తేలుతుంది, ఈ రెండే. సూక్తి రాసే చోట అవి రాయరేం?

బొబ్బిలి_గుమాస్తా: రాస్తే మర్నాడే మెమో ఇస్తారు. ఫలానా తేదీకి అవుతుందని చెప్పే అధికారం నాకు లేదు మాస్టారూ. మీరు తిట్టేది నన్ను, తేదీ చెప్పాల్సింది ఇంకొకరు.

పలాస_కుర్రోడు: ఆ 1913 పత్రిక సంగతికి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.

నాగావళి_రిటైర్డ్: దానివల్ల నా బకాయిలు వస్తాయా నాయనా? గుమాస్తా బాబూ, సెక్షన్ నేరు ఫోన్ నంబరైనా ప్రతి మెయిల్లో పెట్టమని మీ పైవాళ్లకి అర్జీ రాయి. దానికైతే నేనూ సంతకం పెడతాను. సూక్తికి మాత్రం పెట్టను.

బొబ్బిలి_గుమాస్తా: అర్జీ రాస్తాను. పెద్దాయన మెయిల్లోది తీసేదాకా నా లైను మాత్రం నేనూ తియ్యను.